చివర నిలబడ్డ చెల్లాయి ఏమయింది?

మీ బడి పిల్లల కోలాటం టీవీలో వచ్చిందనుకోండి. పదహారుమంది అమ్మాయిలు ఒకే వరుసలో, ఈ చివరినుంచి ఆ చివరిదాకా తెరనిండా నిలబడి కోలలు వేశారు. ఎడమ చివర ఉన్నది మీ చెల్లాయి. ఆ కార్యక్రమాన్ని మీరు హైడెఫినిషన్‌లో రికార్డు చేసి దాచారు. ఊళ్లో ఉన్న అమ్మమ్మ చూడాలని ముచ్చటపడింది. ఆవిడ దగ్గరున్నది డీవీడీ ప్లేయరూ, పాత పెట్టె టీవీను. సరే, డీవీడీ చేసి పంపారు. నాలుగు రోజులకు ఫోను వచ్చింది: "ఏమర్రా, పిల్లలందరూ కనిపిస్తున్నారు గాని, మన పిల్లేదర్రా?"

చెల్లాయి ఎక్కడికీ పోలేదు. డీవీడీ చేసేటప్పుడు బొమ్మకు కత్తెర పడింది. ఎందుకు పడిందో, పడకుండా ఏం చెయ్యాలో చూద్దాం. ఇందుకు మీకు వచ్చిన భిన్నాలు చాలు.

రెండు తెరలు, రెండు ఆకారాలు

పాత టీవీ తెర వెడల్పు 4 పాళ్లయితే ఎత్తు 3 పాళ్లు. కొత్త టీవీ తెర వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9 పాళ్లు. రెండింటినీ పోల్చాలంటే ఎత్తు సమానం చెయ్యాలి. 4 : 3 అన్నా 12 : 9 అన్నా ఒకటే కదా! అంటే ఎత్తు 9 పాళ్లున్నప్పుడు కొత్త తెర వెడల్పు 16, పాత తెర వెడల్పు 12. పదహారుమంది నిలబడ్డ చోటులోంచి పన్నెండుమందికి సరిపడే చోటే మిగిలిందన్నమాట.

ఇప్పుడు మన ముందు మూడు దారులున్నాయి. మొదటిది, రెండు పక్కలా కత్తిరించడం. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు మాయమవుతారు. మీ డీవీడీలో జరిగింది ఇదే. రెండోది, పదహారుమందినీ పన్నెండుమంది చోటులోకి నొక్కెయ్యడం. అందరూ ఉంటారు గాని మునక్కాడల్లా సన్నబడిపోతారు. చేతి గాజులు నిలబెట్టిన కోడిగుడ్లలా కనిపిస్తాయి. మూడోది, ఆకారం చెడకుండా బొమ్మ మొత్తాన్నీ చిన్నది చెయ్యడం. అప్పుడు బొమ్మ ఎత్తు తెర ఎత్తులో మూడు వంతులే ఉంటుంది. పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి. దీనినే లెటర్‌బాక్స్ అంటారు.

మూడో దారే న్యాయమైనది. కాని ఆ నల్లపట్టీలను డీవీడీలోనే అచ్చుగుద్దితే ఒక నష్టం ఉంది.

చుక్కల లెక్క

టీవీ బొమ్మ అంతా చుక్కలే. వాటిని పిక్సెళ్లంటారు. పూర్తి హైడెఫినిషన్ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. గుణిస్తే 20,73,600. మన దేశపు పాల్ పద్ధతి డీవీడీలో ఉండేవి అడ్డంగా 720, నిలువుగా 576. గుణిస్తే 4,14,720. సరిగ్గా అయిదో వంతు! అసలే అయిదు చుక్కల పనిని ఒక్క చుక్క చెయ్యాలి. ఇంత పేదరికంలో నల్లపట్టీలు కూడా అచ్చువేస్తే 576 వరుసల్లో 144 నలుపుకే పోతాయి. బొమ్మకు మిగిలేవి 432.

ఇంకో వింత చూడండి. 720ని 576తో పోలిస్తే 5 : 4 వస్తుంది. ఇది పాత తెరకూ సరిపోదు, కొత్త తెరకూ సరిపోదు! పొరపాటా? కాదు. డీవీడీ చుక్క చతురస్రం కాదు. చూపేటప్పుడు దాన్ని కావలసినంత వెడల్పు చేసుకోవచ్చు. కిటుకంతా ఇక్కడే ఉంది.

సినిమావాళ్ల ఉపాయం

ఈ కిటుకు సినిమావాళ్లకు ఎప్పుడో తెలుసు. ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త ఆన్రీ క్రెతియేన్ 1920లలో ఒక కటకం తయారుచేశాడు. అది విశాలమైన దృశ్యాన్ని అడ్డంగా నొక్కి మామూలు ఫిల్ముమీద పట్టించేది. 1953లో వచ్చిన తొలి సినిమాస్కోప్ చిత్రం 'ది రోబ్'కు ఆధారం అదే. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. ఇలాంటి చిత్రాల రీలును వెలుతురుకు ఎత్తి చూస్తే మనుషులు సన్నగా కనిపిస్తారు. హాల్లో ప్రొజెక్టరు ముందున్న కటకం ఆ బొమ్మను రెట్టింపు వెడల్పు చేసి తెరమీద వేస్తుంది.

1996లో జపానులో మొదట అమ్మకానికి వచ్చిన డీవీడీ కూడా ఈ పనే చేస్తుంది, కటకం లేకుండా. 16 : 9 బొమ్మ మొత్తాన్ని అడ్డంగా నొక్కి 720 × 576లో నింపుతారు. "ఇది 16 : 9 బొమ్మ" అని డిస్కులో ఒక గుర్తు పెడతారు. కొత్త టీవీకి కలిపినప్పుడు బొమ్మ మళ్లీ సాగి అసలు ఆకారానికి వస్తుంది. 576 వరుసలూ బొమ్మకే దక్కుతాయి. పాత టీవీ అయితే ప్లేయరే వరుసలు తగ్గించి నల్లపట్టీలు కలుపుతుంది. డిస్కు ఒకటే, రెండిళ్లలోనూ పనికొస్తుంది!

గుర్తు తప్పుగా పెడితే మాత్రం మళ్లీ మునక్కాడలే. నల్లపట్టీలు అచ్చువేసి 4 : 3 అని గుర్తు పెడితే ఇంకో తమాషా. కొత్త టీవీలో పక్కలకు కూడా నల్లపట్టీలు వచ్చి, బొమ్మ నడుమ తపాలా బిళ్లలా మిగులుతుంది. వెడల్పులో 3/4, ఎత్తులో 3/4. గుణించండి: 9/16. తెరలో దాదాపు సగం దండగ!

మీరే చేసి చూడండి

ఒక కాగితంమీద సెంటీమీటరు గళ్లు అడ్డంగా 16, నిలువుగా 9 గీయండి. అందులో ఒక పెద్ద వృత్తం, చివరి గడిలో ఒక చిన్న పాప బొమ్మ వెయ్యండి. రెండో కాగితంమీద కూడా అన్నే గళ్లు గీయండి. ఎత్తు సెంటీమీటరే, వెడల్పు మాత్రం 7 మిల్లీమీటర్లు. ఇప్పుడు గడికి గడి చూసి బొమ్మను దించండి. వృత్తం కోడిగుడ్డవుతుంది. కాని పాప గడి పోలేదు! రెండోదాన్ని చూసి మళ్లీ సెంటీమీటరు గళ్లలోకి దించితే గుడ్డు తిరిగి వృత్తమవుతుంది. కత్తిరించింది తిరిగిరాదు. నొక్కింది తిరిగొస్తుంది.

పంపే ముందు

డీవీడీ చేసే సాఫ్ట్‌వేర్‌లో 16 : 9 ఎంచుకోండి. పక్కలు కత్తిరించే ఏర్పాటేదైనా ఉంటే తీసెయ్యండి. తయారైన డిస్కును ఒకసారి వేసి చూడండి. గుండ్రంగా ఉండవలసిన వస్తువు, గడియారమో గాజో, ఎదురుగా కనిపించినచోట ఆపి తెరమీద స్కేలుతో కొలవండి. అడ్డంకొలత, నిలువుకొలత సమానంగా ఉండాలి. అమ్మమ్మ ప్లేయరు సెట్టింగుల్లో 4 : 3 లెటర్‌బాక్స్ ఉందో లేదో కనుక్కోండి. పాన్ స్కాన్ అని ఉంటే అక్కడ మళ్లీ కత్తెర పడవచ్చు.

ఆఖరుగా వరుసలో పిల్లల్ని లెక్కపెట్టండి. పదహారుమందీ ఉన్నారా? అయితే పంపండి. బొమ్మ చిన్నదైనా అమ్మమ్మ ఏమీ అనుకోదు. కళ్లజోడు సవరించుకుని ఎడమ చివరికే చూస్తుంది.