దిండు కింద మట్టి

ఉత్తర ఐర్లండ్‌లోని ఫెర్మానా కౌంటీలో ఓ చిన్న పల్లె ఉంది. రాసేది బోహో అని, పలికేది ‘బో’ అని. అక్కడి చర్చి ఆవరణలో జేమ్స్ మెక్‌గర్ అనే ఫాదర్ సమాధి ఉంది. బతికుండగా తాను ఏ రోగాలు నయం చేశాడో, తన మీద కప్పిన మట్టి కూడా వాటిని నయం చేస్తుందని చెప్పి 1815లో కన్నుమూశాడట. పంటినొప్పి, గొంతునొప్పి, పుండు... ఏదొచ్చినా అక్కడికెళ్లి మోకరిల్లి, కాస్త మట్టి గుడ్డలో మూటగట్టుకుని ఇంటికి తెచ్చి, దిండు కింద పెట్టుకుంటారు. షరతు ఒక్కటే. ఆ మట్టిని మళ్లీ అక్కడే వేసేయాలి.

2018లో స్వాన్సీ యూనివర్సిటీ శాస్త్రవేత్తల బృందం ఆ ప్రాంతపు మట్టిలో స్ట్రెప్టోమైసిస్ రకానికి చెందిన కొత్త బ్యాక్టీరియాను గుర్తించింది. యాంటీబయాటిక్స్‌కు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ లాంటి మొండి క్రిములను అది ల్యాబ్‌లో అడ్డుకుంది. అలాగని ఎగిరి గంతేయనక్కర్లేదు. గాజు పళ్లెంలో క్రిమిని ఆపడం వేరు, మూటలోంచే పంటినొప్పి తగ్గించడం వేరు. నాకు ఆ బ్యాక్టీరియా కంటే తిరిగిచ్చేయాలన్న షరతే ఆసక్తిగా అనిపించింది.

ఎందుకంటే ఐర్లండ్ పల్లెల్లో వైద్యమంటే సొంత ఆస్తి కాదు, చేబదులు లాంటిది. ఫలానా ఇంట్లో ‘క్యూర్’ ఉందంటారు. ఒకరిది తామరకు, ఇంకొకరిది కాలిన గాయాలకు. తరం నుంచి తరానికి చేతులు మారుతుంది. డబ్బు పుచ్చుకోకూడదు. చాలాచోట్ల ‘థ్యాంక్స్’ చెప్పినా పని చేయదంటారు. ఏడో కొడుకుకి పుట్టుకతోనే హస్తవాసి. పెళ్లికి ముందూ తర్వాతా ఇంటిపేరు మారని ఆడమనిషి ఇచ్చే రొట్టె కోరింత దగ్గుకు మందు. న్యూట్ అనే బల్లిలాంటి జీవిని నాకినవాడి నాలుక కాలిన గాయాలను మాన్పుతుంది. (మొదట నాకి చూసిన మహానుభావుడెవరో!)

ఇలాంటివన్నీ పోకుండా కాపాడింది బడిపిల్లలు. 1937-39 మధ్య ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ చెప్పగా, ఇప్పటి ఐర్లండ్ రిపబ్లిక్‌లోని 26 కౌంటీల్లో సుమారు 50 వేల మంది పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను, ఇరుగుపొరుగు ముసలివాళ్లను అడిగి నోటుపుస్తకాల్లో రాసుకొచ్చారు. ఆ పుటలు లక్షల్లో ఉన్నాయి.

ఆ ఇళ్లలో తాయెత్తులూ ఉండేవి, లాడాలూ ఉండేవి. నన్నడిగితే అన్నిటికన్నా అందమైనది ‘బ్రాట్ బ్రీదా’, అంటే బ్రిజిడ్ గుడ్డ. జనవరి 31 రాత్రి కిటికీ మీదో, పొదల మీదో ఓ గుడ్డముక్క ఆరేస్తారు. సెయింట్ బ్రిజిడ్ అటుగా వెళ్తూ దాన్ని ఆశీర్వదిస్తుందని నమ్మకం. తలనొప్పొస్తే తలకు చుడతారు. ఆవు ఈనడానికి కష్టపడుతుంటే దాని మీద కప్పుతారు. 2023 నుంచి ఐర్లండ్‌లో బ్రిజిడ్ పండక్కి ప్రభుత్వ సెలవు కూడా ఉంది. గుడ్డ ఆరేయడానికి మాత్రం ఏడాదికి ఆ ఒక్క రాత్రే.