పద్దు పోతే మాట పోతుంది

మహబూబ్‌నగర్‌లో ఉండే మా వదిన ఇంట్లోనే నారాయణపేట చీరలు అమ్ముతుంది. అన్నీ వాయిదాల బేరాలే. ఎవరెంత కట్టారో, ఎంత బాకీ ఉన్నారో అంతా ఫోన్‌లోనే రాసుకునేది. ఓ రోజు ఆ ఫోన్ కాస్తా నీళ్ల బకెట్లో పడింది. "గుర్తున్నయిలే" అనుకుని వసూలుకు బయల్దేరింది. ఒకావిడ నలుగురిలో "పోయిన నెలనే మొత్తం కట్టిన కదక్కా!" అనేసరికి వదినకు తల కొట్టేసినట్టయింది.

సంగతి తెలిసి నేను నల్గొండ నుంచి వెళ్లాను. మా అమ్మాయి నాకు నేర్పిన పద్ధతే ఆమెకు చూపించాను.

క్లౌడ్ అంటే ఆకాశంలో మబ్బేం కాదు. పెద్ద పెద్ద భవనాల్లో రాత్రింబవళ్లు నడిచే కంప్యూటర్లు. అమెజాన్ 2022లో మన హైదరాబాద్ ప్రాంతంలోనూ అలాంటివి ప్రారంభించింది. లెక్క అలాంటి చోట ఉంటే ఫోన్ పోయినా పద్దు పోదు.

గూగుల్ ఖాతా ఉంటే 15 జీబీ దాకా ఉచితం. షీట్స్‌లో పేరు, చీర, ధర, కట్టింది, బాకీ... ఐదు గళ్లు చాలు. నెట్ ఉంటే రాసింది రాసినట్టే భద్రమవుతుంది. కొత్త ఫోన్‌లో అదే మెయిల్‌తో తెరిస్తే అన్నీ కనిపిస్తాయి.

అలాగని నిశ్చింతగా ఉండకండి. పొరపాటున ఫైలు తీసేస్తే డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులే ఉంటుంది. నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకీ ఓ కాపీ దింపుకోండి. రెండంచెల తనిఖీ పెట్టుకోండి. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు.

వదిన ఒక్కొక్కరినీ అడిగి లెక్కంతా మళ్లీ రాసుకుంది. ముందుగా ఆవిడ ఇంటికే వెళ్లి, తప్పయిందని చెప్పి వచ్చింది. షీట్‌లో మొదటి పేరు ఆవిడదే. బాకీ గడిలో సున్నా.