మీకు తెలుసా? ఎండను పట్టే రంగుల్లో ఓయూ, తార్నాకల వాటా

డాబాల మీద కనిపించే సోలార్ పలకలు దాదాపు అన్నీ సిలికాన్‌వే. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ చూపించిన సిలికాన్ సెల్, తన మీద పడిన ఎండలో సుమారు 6 శాతాన్నే కరెంటుగా మార్చింది. వెలుతురుతో కరెంటు పుడుతుందని ఫ్రాన్స్‌లో బెకెరెల్ గమనించింది మాత్రం 1839లోనే; అప్పటికి అతనికి 19 ఏళ్లు!

సిలికాన్‌తో పనిలేని దారి కూడా ఉంది. 1991లో మైఖేల్ గ్రాట్జెల్, బ్రయాన్ ఓరిగన్ ప్రకటించిన రంగు సెల్‌లో, ఆకులోని పత్రహరితంలా రంగు అణువు ఎండను పీల్చుకొని ఎలక్ట్రాన్‌ను వదులుతుంది. అందుకునేది టైటానియం డయాక్సైడ్. గోడల పెయింటుకు తెలుపునిచ్చే పొడే అది. ఖాళీ అయిన రంగు అణువుకు అయొడైడ్ ద్రావణం మళ్లీ ఎలక్ట్రాన్‌ను ఇస్తుంది.

సెల్ బాగా పనిచేయాలంటే రంగు కుదరాలి. అక్కడే మనవాళ్లు వచ్చారు. హైదరాబాద్‌లోని ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ)లో రసాయనశాస్త్రం చదివి పీహెచ్‌డీ చేసిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్, స్విట్జర్లాండ్‌లో గ్రాట్జెల్‌తో కలిసి 1993లో వెలువరించిన ఎన్3 అనే రుథీనియం రంగు, సామర్థ్యాన్ని 10 శాతానికి చేర్చింది. రంగు సెల్‌ను లోకం పట్టించుకునేలా చేసిన అంకె అదేనని నా లెక్క.

అయితే రుథీనియం లోహం ఖరీదు ఎక్కువ. ఓయూకి పొరుగునే తార్నాకలో ఉన్న ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ; 1944లో నిజాం కాలంలో మొదలైన ప్రయోగశాల) శాస్త్రవేత్తలు దాని బదులు జింక్ థాలోసయనిన్‌ను ఎంచుకున్నారు. ఎల్. గిరిబాబు తదితరులు 2007లో ప్రకటించిన పీసీహెచ్001 అనే ఆ రకం రంగుతో వచ్చిన సామర్థ్యం 3 శాతమే. కానీ రుథీనియం రంగులు సరిగా పట్టలేని ఎరుపు కొసన ఉన్న వెలుతురును అది పట్టింది. ఆ పరిశోధన పత్రం రచయితల్లో నజీరుద్దీన్ కూడా ఉన్నారు.