తెరపై పాఠం, వాకిట్లో నీడ

పాలమూరు కూలీల చెయ్యి పడని ప్రాజెక్టు దేశంలో ఎక్కడుందని మనవాళ్లు అంటుంటారు. ఆ మాటలో గర్వం ఎంతుందో వలస బాధ కూడా అంతే ఉంది. అలా రాళ్లు మోసిన ఇళ్ల పిల్లలు ఇప్పుడు మక్తల్‌లో కూర్చునే ఫోన్‌లో ఆర్కిటెక్చర్ పాఠాలు వినొచ్చు. ఇంత మంచి అవకాశానికి కొన్ని అపోహలు అడ్డుపడుతున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేస్తే ఆర్కిటెక్ట్ అయిపోవచ్చు.

వాస్తవం: కాలేరు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం, గుర్తింపు పొందిన అర్హతతో కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేసుకున్నవారే తమను ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలి. బీఆర్క్ అయిదేళ్ల చదువు, కాలేజీకి వెళ్లి చదవాల్సిందే. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో నాటా ప్రవేశ పరీక్ష రాసి చేరవచ్చు, విజయవాడ ఎస్పీఏలో చేరాలంటే జేఈఈ మెయిన్ రెండో పేపర్ రాయాలి. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే రెండు దారులూ తెరిచే ఉంటాయి. ‘ఇంటి నుంచే ఆర్కిటెక్ట్ డిగ్రీ’ అంటూ ఎవరైనా ఫీజు అడిగితే, ఆ కాలేజీ పేరు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి.

అపోహ: మంచి పాఠాలు కావాలంటే డబ్బు కట్టాల్సిందే.

వాస్తవం: ఐఐటీ అధ్యాపకులు చెప్పిన ఆర్కిటెక్చర్ పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్నాయి. సర్టిఫికెట్ కావాలనుకునేవారికే పరీక్ష ఫీజు. అమెరికాలోని ఎంఐటీ 2001లో ప్రకటించిన ఓపెన్‌కోర్స్‌వేర్‌లోనూ ఆర్కిటెక్చర్ విభాగం ఉంది. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో పుస్తకాలు వెతుక్కోవచ్చు. కేరళలో పేదల ఇళ్ల కోసం పాటుపడిన లారీ బేకర్ తన చేత్తో బొమ్మలు గీసి రాసిన చిన్న పుస్తకాలు కూడా నెట్‌లో దొరుకుతాయి. ఇటుకను పక్కవాటుగా నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కట్టే గోడను ఆయన బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి, వేడీ తగ్గుతుంది. ఆ బొమ్మ చూపిస్తే ఏ మేస్త్రీకైనా ఇట్టే అర్థమవుతుంది.

అపోహ: నెట్‌లో ఉండేవన్నీ విదేశీ కట్టడాలే.

వాస్తవం: ఆగాఖాన్ ట్రస్ట్, ఎంఐటీ కలిసి మొదలుపెట్టిన ఆర్క్‌నెట్‌లో చార్మినార్ గురించి చదవొచ్చు. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ ఫొటో భాండారంలో మన ఆలంపురం గుళ్లున్నాయి. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలవి. శ్రీశైలం జలాశయం నీళ్లలో మునిగిపోకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి, ఆలంపురంలో మళ్లీ నిలబెట్టారు. గుడి ఎలా నిలబడుతుందో నేర్చుకోవడానికి అంతకు మించిన పాఠం ఏముంటుంది?

అపోహ: నెట్‌లో దొరికిన ఇంటి ప్లాన్ మన ప్లాటుకూ సరిపోతుంది.

వాస్తవం: ఉత్తరపు గోడకు మధ్యాహ్నపు ఎండ తగలదని చాలా విదేశీ పాఠాల్లో ఉంటుంది. వాళ్ల దేశాల్లో అది నిజమే. మక్తల్ ఉన్నది సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే మొదటి వారంలో సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు. అప్పటి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం మనకు ఉత్తరం వైపే ఉంటాడు. నమ్మకం కుదరకపోతే వాకిట్లో మీటరు కర్ర నిటారుగా పాతండి. జనవరిలో మధ్యాహ్నం దాని నీడ ఉత్తరానికి పొడుగ్గా పడుతుంది. జూన్ మూడో వారంలో, గడియారం 12:20 చూపే వేళకు, అదే కర్ర నీడ దక్షిణానికి తిరిగి 12 సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది. ప్లాన్ ఎక్కడిదైనా సరే, ముందు ఈ కర్రను అడగండి.

అపోహ: సాఫ్ట్‌వేర్ వస్తే ఆర్కిటెక్చర్ వచ్చినట్టే.

వాస్తవం: సాఫ్ట్‌వేర్ కలం లాంటిది. ఏం రాయాలో అది చెప్పదు. బ్లెండర్, క్యూజీఐఎస్ ఉచితమే, తప్పక నేర్చుకోండి. దానికి ముందు పాత మిద్దె ఇంటికి టేపు పట్టుకుని వెళ్లండి. దర్వాజ దగ్గర రాతిగోడ మందం కొలవండి. ఇప్పటి ఇటుక గోడ తొమ్మిదంగుళాలైతే, అది రెండడుగులకు దగ్గరగా ఉంటుంది. పగటి వేడి ఆ మందం దాటి లోపలికి వచ్చేసరికి రాత్రవుతుంది. తల ఎత్తి చూస్తే దూలం, దూలం మీద దంతెలు, ఆపైన మట్టి. అన్నిటికీ పైన వాన నీటిని ఆపే చౌడు. ఎందుకలా వేశారని ఇంటి పెద్దమనిషిని అడిగి, ఆయన చెప్పిన మాటల్లోనే రాసుకోండి. ఆ తర్వాత గీసిన బొమ్మలో ప్రతి గీతకూ ఒక కారణం ఉంటుంది.

అపోహ: క్లాసులో వీడియో వేస్తే పాఠం చెప్పినట్టే.

వాస్తవం: వీడియోతో పాఠం మొదలవుతుంది, అంతే. ఉపాధ్యాయులకు ముడుమాల్ నిలువురాళ్లు ఇక్కడే కృష్ణా తీరాన ఉన్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఆ రాళ్ల వరుసలకూ సూర్యుడి గమనానికీ సంబంధముందని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన కె.పి.రావు చెబుతున్నారు. ముందు ఇస్రో వారి భువన్‌లో ఆ చోటు చూపించండి, యునెస్కో పేజీ చదివించండి. తర్వాత పిల్లలను అక్కడికే తీసుకెళ్లండి. మీటరు కర్ర నీడ ఒకరు, నిలువురాయి నీడ ఒకరు ఒకే సమయంలో కొలవాలి. పదో తరగతి సరూప త్రిభుజాల లెక్కతో, రాయిని ముట్టకుండానే దాని ఎత్తు తేలుతుంది. ఆ రాళ్లను నిలబెట్టిన వాళ్ల దగ్గర మన ఫోన్లూ టేపులూ లేవు. నీడను ఓపికగా చూసే కన్ను ఉంది. తెర మీది పాఠాలు మన పిల్లలకు ఆ కన్నునిస్తే, పాలమూరు చేతులు రేపు రాళ్లు మోయడంతో ఆగవు, అవి ఎక్కడ నిలవాలో కూడా గీస్తాయి.