టేపు చెడకముందే డిస్కుకెక్కించండి

భిలాయ్ తెలుగు ఇళ్లలోని పాత వీడియోలను కాపాడుకోవడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. పనిచేసే వీసీఆర్, కాస్త ఓపిక ఉంటే చాలు

ఉక్కు నగరంలో అన్నిటికన్నా పెళుసైన వస్తువేది? బీరువా మీద దుమ్ము పట్టిన పెళ్లి క్యాసెట్.

భిలాయ్‌లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న మొదలైంది. ఆ కర్మాగారాన్ని నమ్ముకుని దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. వారిలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన తెలుగువారూ ఉన్నారు. 1980, 90 దశకాల్లో వారి పెళ్లిళ్లు, పండుగలు వీహెచ్ఎస్ టేపులకెక్కాయి. పదవీ విరమణ తర్వాత కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు పాత సామానుతో పాటు అవీ పోయే ప్రమాదం ఉంది. పోయేది బొమ్మలే కాదు, హిందీ బడిలో చదివిన మనవలు ఎన్నడూ వినని బామ్మ యాస కూడా.

గడువు ముంచుకొచ్చింది. వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి సంస్థగా పేరుపడ్డ జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఉత్పత్తి ఆపేసింది. 2025 నాటికి డిజిటల్‌లోకి మారని టేపులు దక్కకపోవచ్చని ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారం 2015లోనే హెచ్చరించింది.

ఊరటనిచ్చేది సాఫ్ట్‌వేరే. వీసీఆర్‌ను క్యాప్చర్ పరికరం ద్వారా కంప్యూటర్‌కు కలిపి వర్చువల్‌డబ్‌తో రికార్డు చేయవచ్చు. ఆ ఫైలును ఎఫ్ఎఫ్ఎంపెగ్ డీవీడీకి తగిన ఎంపెగ్-2గా మారుస్తుంది. డీవీడీఆథర్ దాన్ని ప్లేయర్ చదవగల రూపంలో పేరుస్తుంది. ఆదేశాలు టైపు చేయడం కష్టమనుకునేవారికి డీవీడీస్టైలర్ ఉంది. మెనూలో తలంబ్రాలు, అప్పగింతలు అని తెలుగులో, పక్కనే హిందీలో రాసుకోవచ్చు. ఇవన్నీ ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములే, పైసా ఖర్చు లేదు.

చిక్కల్లా లెక్కలోనే. మామూలు డిస్కులో పట్టేది 4.7 జీబీ. రెండు గంటల వీడియోకు సెకనుకు సుమారు 5 మెగాబిట్లు దక్కుతాయి. మూడు గంటల పెళ్లిని ఇరికిస్తే అది మూడున్నరకు పడిపోయి, బ్యాండు మేళం ముందు చిందులేసే కుర్రాళ్లు గళ్లుగళ్లుగా కనిపిస్తారు. దీనికి రెండు దారులున్నాయి. రెండు డిస్కులుగా విడగొట్టడం ఒకటి. 720×576 బదులు 352×576 కొలత ఎంచుకోవడం రెండోది. ఇది కూడా డీవీడీ ప్రమాణమే. వీహెచ్ఎస్‌లో అడ్డంగా ఉండే వివరం దాదాపు 240 గీతలే కాబట్టి పెద్దగా నష్టం లేదు.

మొదలుపెట్టే ముందు టేపును వెలుతురులో చూడాలి. తెల్లటి బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టకూడదు. టేపుతో పాటు యంత్రం హెడ్ కూడా పాడవుతుంది, తర్వాత పెట్టే క్యాసెట్లకూ బూజు అంటుకుంటుంది. అలాంటివి తెలిసినవారి చేతికే ఇవ్వాలి.

డిస్కూ శాశ్వతం కాదు. గీతలు పడుతుంది, కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవే ఉండడం లేదు. అందుకే మొదట రికార్డు చేసిన ఫైలును చెరిపేయకుండా రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో దాచాలి. డీవీడీ రిమోట్ నొక్కి చూసే తాతయ్య కోసం, ఫైలు ఎక్కడో దూరాన ఉన్న మనవరాలి కోసం. సాఫ్ట్‌వేర్ రేపు కూడా ఉచితంగానే దొరకవచ్చు. పనిచేసే వీసీఆర్ దొరుకుతుందన్న భరోసా మాత్రం లేదు.