రెండు పట్టికలు – నాలుగు సంబంధములు

ఇద్దరు వ్యక్తుల మధ్య ఒకటికి మించిన సంబంధములుండుట మన సంసారములలో వింత కాదు. మేనమామయే పిల్లనిచ్చిన మామ కావచ్చును. వరుసకు బావ అయినవాడే బడిలో ఉపాధ్యాయుడు కావచ్చును. మనుషులు ఇద్దరే, వరుసలు మాత్రము రెండు. కంప్యూటరులో సమాచారమును భద్రపరచు పట్టికలకును ఇట్టి పరిస్థితి తరచుగా ఏర్పడును.

సమాచారమును పరస్పర సంబంధము గల పట్టికలుగా అమర్చు సిద్ధాంతమును ఐ.బి.యం. సంస్థలో పరిశోధకుడైన ఇ. ఎఫ్. కాడ్ 1970లో ఒక వ్యాసమున ప్రతిపాదించెను. ఈ పద్ధతిలో ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క పట్టిక ఉండును. పట్టికలోని ప్రతి అడ్డువరుసకు ఒక గుర్తింపు సంఖ్య ఉండును. దీనిని ప్రైమరీ కీ అందురు. ఆ సంఖ్యను మరొక పట్టికలో వ్రాసినచో రెండు పట్టికలకు ముడి ఏర్పడును. అట్లు వ్రాసిన సంఖ్యయే ఫారిన్ కీ.

క్రికెట్ ప్రపంచకప్పు ఫైనలు మ్యాచులను ఉదాహరణగా తీసికొందము. ‘జట్లు’ అను పట్టికలో భారతదేశమునకు 1, ఆస్ట్రేలియాకు 2, వెస్టిండీసుకు 3, శ్రీలంకకు 4 అని సంఖ్యలిత్తము. ‘మ్యాచులు’ అను రెండవ పట్టికలో ‘జట్టు’ అను ఒకే నిలువు వరుస ఉన్నచో చాలునా? చాలదు. 1983 ఫైనలు ఎదుట 1 అని వ్రాసినచో భారతదేశము ఆ మ్యాచిలో పాల్గొన్నదనియా, టాసు గెలిచినదనియా, కప్పు గెలిచినదనియా? సంఖ్య సరియైనదే గాని దాని అర్థము తెలియదు. కావున నాలుగు నిలువు వరుసలు అవసరము:

సంవత్సరము | మొదట బ్యాటింగు | తరువాత బ్యాటింగు | టాసు గెలిచినది | విజేత
1983 | 1 | 3 | 3 | 1
2011 | 4 | 1 | 4 | 1
2023 | 1 | 2 | 2 | 2

నాలుగు వరుసలును ‘జట్లు’ పట్టికనే చూపుచున్నవి. కాని ఒక్కొక్కటి చెప్పు మాట వేరు. సంబంధమునకు అర్థమునిచ్చునది జట్టు వహించిన పాత్ర. కావుననే నిలువు వరుసకు ‘జట్టు-1’, ‘జట్టు-2’ అని గాక పాత్రను తెలుపు పేరు పెట్టవలెను. కాడ్ తన 1970 వ్యాసములోనే ఈ విషయమును గుర్తించెను. యంత్రములో ఒక భాగము మరొక భాగమున ఇమిడియుండుటను చూపు పట్టికలో ‘భాగము’ అను శీర్షిక రెండుసార్లు వచ్చును. అప్పుడు ఒక్కొక్కదానికి పాత్రను సూచించు పేరు చేర్చవలెనని ఆయన చెప్పెను.

ఇక సంఖ్యలకు బదులు జట్ల పేర్లు కావలెననుకొందము. 1983లో మొదట బ్యాటింగు చేసిన జట్టు పేరును, తరువాత చేసిన జట్టు పేరును ఒకేసారి అడుగవలెను. ‘జట్లు’ పట్టికను ఒక్కసారి మాత్రమే జోడించి, రెండు నిబంధనలను దానిపైననే పెట్టినచో కంప్యూటరు సంఖ్య 1గాను, 3గాను ఒకేసారి ఉన్న జట్టు కొరకు వెదకును. అట్టి జట్టు ఉండదు గనుక జవాబు శూన్యము. కావున అదే పట్టికను రెండు మారుపేర్లతో రెండుసార్లు జోడించవలెను. ఒక పేరు మొదటి పాత్రకు, రెండవది రెండవ పాత్రకు. పట్టిక ఒక్కటే, దానిని చూచుట రెండుసార్లు.

ఇంకొక ప్రమాదము కలదు. 1983 విజేత స్థానమున పొరపాటున 2 అని వ్రాసినచో ఏమగును? ఫారిన్ కీ నియమము దానిని అడ్డగింపదు. 2 సంఖ్య గల జట్టు ఉన్నదా అని మాత్రమే అది పరీక్షించును. ఆస్ట్రేలియా ఉన్నది గనుక, ఆ మ్యాచి ఆడని జట్టే విజేతగా నిలిచిపోవును! కావున విజేతయు, టాసు గెలిచిన జట్టును ఆడిన రెండింటిలో ఒకటి కావలెననియు, ఆడిన రెండును వేర్వేరు కావలెననియు ప్రత్యేక నియమములను చేర్చవలెను.

విజేత లేని మ్యాచులును కలవు. 1999 జూన్ 17న బర్మింగ్‌హామ్‌లో జరిగిన సెమీఫైనలులో ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా చెరి 213 పరుగులు చేసి సమముగా నిలిచెను. ఫైనలుకు పోయినది ఆస్ట్రేలియాయే అయినను ఆ మ్యాచిని గెలిచిన జట్టు లేదు. ఇట్టిచోట విజేత గడిని ఖాళీగా విడువవలెను. సున్న వ్రాయరాదు, ఏలయన సున్న సంఖ్య గల జట్టు లేదు.

మరి ఆటగాండ్ర సంగతి యేమి? జట్టుకు 11 మంది చొప్పున 22 నిలువు వరుసలు గీయుట అవివేకము. అప్పుడు ఎవరైనను ఒక ఆటగాడు ఏయే మ్యాచులు ఆడెనో తెలియుటకు 22 గడులును వెదకవలసివచ్చును. మ్యాచి సంఖ్య, ఆటగాని సంఖ్య, జట్టు సంఖ్య గల మూడవ పట్టికను ఏర్పరచి, ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క అడ్డువరుస వ్రాయుట సరియైన మార్గము. పాత్రలు కొద్దిగా, స్థిరముగా ఉండి, ఒక్కొక్క పాత్రకు ఒక్కరే ఉన్నచో నిలువు వరుసలు చాలును. ఒకే పాత్రలో పలువురున్నచో మూడవ పట్టిక కావలెను.

విద్యార్థులు దీనిని తమ పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. ‘ఉపాధ్యాయులు’, ‘తరగతులు’ అని రెండు పట్టికలు గీయుడు. తరగతికి క్లాసు టీచరు ఒక్కరే. పాఠములు చెప్పువారు పలువురు. వీటిలో దేనికి నిలువు వరుస చాలునో, దేనికి మూడవ పట్టిక కావలెనో నిర్ణయించినచో ఈ విషయము బోధపడినట్లే.