స్టేజ్ మీద అదిరిన విజువల్స్ రికార్డింగ్‌లో ఎందుకు బురదవుతాయి? వీజే మిక్స్ ఎక్స్‌పోర్ట్ కథ

ఈ ఎపిసోడ్ వీజేల కోసం. వీజే అంటే మ్యూజిక్ ఛానల్ యాంకర్ కాదండోయ్. డీజే పాటలు కలుపుతుంటే, వెనక ఎల్‌ఈడీ వాల్ మీద వీడియోలు కలిపే మనిషి. కాలేజ్ ఫెస్ట్‌లు, సంగీత్‌లు, పబ్‌లు... హైదరాబాద్, వైజాగ్‌లలో ఈ పని చేసే కుర్రాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. వీళ్లకి తర్వాతి పని తెచ్చేది సర్టిఫికెట్ కాదు, షోరీల్. ఈవెంట్ మేనేజర్ వాట్సాప్‌లో "బ్రో, ఏదైనా వర్క్ ఉంటే పంపు" అంటాడు. ఒక నిమిషం వీడియో ఫోన్‌లో చూస్తాడు, అంతే, డిసైడ్ అయిపోతాడు. ఆ నిమిషం మసకమసకగా, గడులు గడులుగా కనిపిస్తే నువ్వు స్టేజ్ మీద ఎంత బాగా వాయించినా లెక్కలోకి రాదు. పైగా లైవ్ మిక్స్ అనేది ఒక్కసారే జరుగుతుంది. రికార్డ్ పోతే పోయినట్టే.

మరి ఎందుకు పాడవుతుంది? ముందు ఇది అర్థం కావాలి, సెట్టింగ్స్ తర్వాత.

మన ఫోన్లో ఉండే వీడియోలు ఎక్కువగా హెచ్.264 అనే కోడెక్‌లో ఉంటాయి. దాని తెలివంతా ఒక్కటే: ముందు ఫ్రేమ్‌కీ ఈ ఫ్రేమ్‌కీ తేడా ఎంతో అదే దాచుకుంటుంది. న్యూస్ చదివే మనిషి వెనక గోడ కదలదు కాబట్టి ఆ గోడని మళ్లీ మళ్లీ రాయక్కర్లేదు. ఇప్పుడు వీజే కంటెంట్ గుర్తు చేసుకోండి. స్ట్రోబ్, పార్టికల్స్, గ్లిచ్, నాయిస్. ఏ ఫ్రేమ్‌కి ఆ ఫ్రేమ్ కొత్తదే. దాచుకోవడానికి పాతది ఏమీ మిగలదు. తక్కువ బిట్‌రేట్ ఇస్తే పాపం ఆ కోడెక్ ఏం చేస్తుంది, డీటెయిల్ పారేస్తుంది. అందుకే బీట్ డ్రాప్ అయిన క్షణంలోనే, అంటే సరిగ్గా మనకి కావాల్సిన చోటే, స్క్రీన్ అంతా బురద.

రెజల్యూమ్ లాంటి వీజే సాఫ్ట్‌వేర్లు అందుకే వేరే దారి పట్టాయి. రెజల్యూమ్‌కి డీఎక్స్‌వీ అని సొంత కోడెక్ ఉంది. వీడీఎంఎక్స్ వాళ్ల వైపు నుంచి వచ్చింది హ్యాప్. ఇవి ప్రతి ఫ్రేమ్‌నీ విడిగా, గ్రాఫిక్స్ కార్డ్‌కి నేరుగా అర్థమయ్యే టెక్స్చర్ రూపంలో దాచుకుంటాయి. పక్క ఫ్రేమ్‌తో సంబంధం లేదు. అందుకే క్లిప్‌ని వెనక్కి తిప్పినా, స్క్రాచ్ చేసినా తడబడదు. ఖరీదు ఏంటంటే సైజ్. లెక్క వేద్దాం. 1920×1080 అంటే దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు. మామూలు క్వాలిటీ టెక్స్చర్‌లో పిక్సెల్‌కి అర బైట్. అంటే ఫ్రేమ్‌కి ఒక ఎంబీ పైన. సెకనుకి 30 ఫ్రేములైతే 31 ఎంబీ, గంటకి సుమారు 112 జీబీ. వీటి మీద ఇంకో పొర కంప్రెషన్ ఉంటుంది కాబట్టి నిజానికి దీనికంటే తగ్గుతుంది, కానీ ప్లాన్ మాత్రం ఈ లెక్కతోనే వేసుకోండి. 60 ఫ్రేములైతే డబుల్.

రెజల్యూమ్‌లో రికార్డ్ నొక్కితే మామూలుగా ఈ డీఎక్స్‌వీ ఫైలే తయారవుతుంది. చాలామంది దాన్ని ఫోన్‌కి పంపించి "ఓపెన్ కావట్లేదు, కరప్ట్ అయింది" అని కంగారు పడతారు. కరప్ట్ కాదు తమ్ముడూ, ఫోన్‌కి ఆ భాష రాదంతే. అది మాస్టర్ కాపీ. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కి డీఎక్స్‌వీ, హ్యాప్ రెండూ చదవడం వచ్చు, దాంతో హెచ్.264కి మార్చుకోవచ్చు. మాస్టర్ మాత్రం డిలీట్ చేయొద్దు. రేపు రీల్ కట్ చేయాలన్నా, ఆ మిక్స్‌నే ఇంకో షోలో లేయర్‌గా వాడాలన్నా అదే పనికొస్తుంది.

గంటల తరబడి షో, డిస్క్‌లో అంత చోటు లేదు అంటే రెండో దారి ఓబీఎస్. నేను ఎక్కువమందికి చెప్పేది ఇదే. స్క్రీన్ క్యాప్చర్ మాత్రం పెట్టకండి. మౌస్ పాయింటర్, నోటిఫికేషన్లు, అమ్మ వాట్సాప్ మెసేజ్, అన్నీ రికార్డ్ అవుతాయి. విండోస్‌లో స్పౌట్, మ్యాక్‌లో సైఫన్ అని ఉంటాయి. ఒక సాఫ్ట్‌వేర్ బొమ్మని గ్రాఫిక్స్ మెమరీలోంచే ఇంకో సాఫ్ట్‌వేర్‌కి అందిస్తాయి, మధ్యలో నాణ్యత పోదు. రెజల్యూమ్ అవుట్‌పుట్ మెనూలో టెక్స్చర్ షేరింగ్ ఆన్ చేసి, ఓబీఎస్‌లో దాన్ని సోర్స్‌గా తీసుకోండి. విండోస్‌లో దీనికి స్పౌట్ ప్లగిన్ వేసుకోవాలి.

ఇక ఓబీఎస్‌లో అవుట్‌పుట్ సెట్టింగ్స్‌ని అడ్వాన్స్‌డ్‌కి మార్చి రికార్డింగ్ ట్యాబ్‌కి వెళ్లండి. ఎన్‌విడియా కార్డ్ ఉంటే ఎన్‌వెంక్ ఎంచుకోండి. అది కార్డ్‌లోనే వీడియో ఎన్‌కోడింగ్ కోసం విడిగా ఉన్న భాగం, మీ ఎఫెక్ట్స్ పనిని పెద్దగా అడ్డుకోదు. ఎక్స్264 పెడితే భారం సీపీయూ మీద పడుతుంది, షో మధ్యలో అది నాకు నచ్చదు. రేట్ కంట్రోల్ దగ్గర సీబీఆర్ కాదు, సీక్యూపీ. సీబీఆర్ స్ట్రీమింగ్‌కి. చీకటి ఫ్రేమ్‌కీ స్ట్రోబ్‌కీ ఒకే బిట్‌రేట్ ఇస్తుంది. సీక్యూపీ అంటే "క్వాలిటీ ఇంత ఉండాలి, సైజ్ ఎంతైనా అవ్వనీ" అని చెప్పడం. నంబర్ తగ్గేకొద్దీ క్వాలిటీ పెరుగుతుంది. 16 నుంచి 20 మధ్య పెట్టుకోండి. సైజ్ ఎంత వస్తుందో ముందే చెప్పలేం కాబట్టి, మీ దగ్గరున్న అతి గోల కంటెంట్‌తో ఐదు నిమిషాలు టెస్ట్ చేసి, షో టైమ్‌కి హెచ్చవేసుకోండి.

ఫార్మాట్ విషయం గట్టిగా చెప్తాను. ఎంపీ4 వద్దు, ఎంకేవీ పెట్టండి. నాకు తెలిసిన ఒక కుర్రాడు ఒక ఫెస్ట్‌లో రెండు గంటలు రికార్డ్ చేశాడు. డెస్క్‌టాప్, యూపీఎస్ లేదు. చివరి పాటలో జనరేటర్ ఆగింది. మామూలు ఎంపీ4 తన సూచికని రికార్డింగ్ ఆపినప్పుడు రాస్తుంది. ఆపే ఛాన్సే రాలేదు కాబట్టి ఫైల్ ఉంది, ఓపెన్ కాదు. సెమిస్టర్ అంతా తయారు చేసుకున్న సెట్ అది. ఎంకేవీ అయితే కరెంట్ పోయేదాకా జరిగింది మిగిలేది. తర్వాత ఓబీఎస్ ఫైల్ మెనూలోనే రీమక్స్ ఉంటుంది, క్వాలిటీ ఏమీ పోకుండా ఎంపీ4 చేసిస్తుంది.

ఒక్క షరతు. వాల్ మీద ఫ్రేములు తడబడుతుంటే రికార్డింగ్ ఆపేయండి. డబ్బులిచ్చింది షోకి. అలాంటి మెషిన్ అయితే అవుట్‌పుట్‌ని హెచ్‌డీఎంఐ స్ప్లిటర్‌తో చీల్చి, క్యాప్చర్ కార్డ్ ద్వారా ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో రికార్డ్ చేసుకోండి.

ఫ్రేమ్ రేట్: కంపోజిషన్ 60 అయితే రికార్డింగ్ 60 లేదా సరిగ్గా సగం, 30. 25, 24 అంటే కదలికలో కుదుపు వస్తుంది.

సౌండ్ దగ్గర చాలామంది దెబ్బ తింటారు. ల్యాప్‌టాప్ మైక్‌తో తీస్తే సబ్‌వూఫర్ గర్జనే మిగులుతుంది. డీజే మిక్సర్ రికార్డ్ అవుట్ నుంచి లైన్ తీసుకోండి. విడిగా రికార్డర్‌లో తీస్తే, రెండు మెషిన్ల గడియారాలు సరిగ్గా ఒకేలా నడవవు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా గంటకి 0.18 సెకను. కిక్ ఒకచోట, ఫ్లాష్ ఇంకోచోట. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి స్క్రీన్ ఫ్లాష్‌తో పాటు బీప్ పెట్టుకుంటే ఎడిటింగ్‌లో సాగదీసి సరిచేయడం సులువు.

అప్‌లోడ్‌కి వద్దాం. 1080పీ 60 ఫ్రేములకి యూట్యూబ్ సూచించేది 12 ఎంబీపీఎస్, 4కె 60కి 53 నుంచి 68. మీది 1080పీ అయినా సరే, 4కెకి పెంచి ఎక్స్‌పోర్ట్ చేయండి. పిచ్చి సలహాలా ఉంటుంది కానీ కారణం ఉంది. పెద్ద రెజల్యూషన్‌కి యూట్యూబ్ ఎక్కువ బిట్‌రేట్ ఇస్తుంది. ఇంకోటి, ఈ ఎక్స్‌పోర్ట్‌లన్నీ 4:2:0లో ఉంటాయి, అంటే నాలుగు పిక్సెళ్లకి కలిపి ఒకే రంగు సమాచారం. నల్ల మీద సన్నటి ఎర్ర గీతలు పాకిపోయేది అందుకే. డీఎక్స్‌వీ మాస్టర్ నుంచి నేరుగా 4కెకి పెంచితే ఆ పాకడం బాగా తగ్గుతుంది. ఓబీఎస్‌లో ముందే 4:2:0లో రికార్డ్ అయిపోతే మాత్రం పోయిన రంగు తిరిగి రాదు.

నలుపు నుంచి నీలానికి మెల్లగా మారే గ్రేడియెంట్లలో మెట్లు మెట్లుగా కనిపిస్తుందా? 8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 స్థాయిలే ఉంటాయి. కొంచెం గ్రెయిన్ ఎఫెక్ట్ వేయండి, మెట్లు కలిసిపోతాయి. ఎక్కువేస్తే మళ్లీ బురద.

ఇన్‌స్టా రీల్‌కి 1080×1920 కావాలి. ఎల్‌ఈడీ వాల్ అడ్డంగా పొడుగ్గా ఉంటుంది, దాన్ని నిలువులో పెడితే తోరణంలా సన్నగా కనిపిస్తుంది. రెజల్యూమ్ అరీనాలో అడ్వాన్స్‌డ్ అవుట్‌పుట్ ఉంది కదా, అక్కడ వాల్‌కి ఒకటి, రికార్డింగ్‌కి ఇంకో స్క్రీన్ పెట్టుకుని మధ్య భాగాన్ని కట్ చేసుకోవచ్చు.

చివరిగా ఆ ఈవెంట్ మేనేజర్ సంగతి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ నొక్కేస్తుంది, ఇప్పటిదాకా పడ్డ కష్టం అంతా గంగలో. డాక్యుమెంట్‌గా పంపండి. డ్రైవ్ లింక్ అయితే "డౌన్‌లోడ్ చేసి చూడన్నా" అని ఒక మాట రాయండి, ఎందుకంటే అక్కడ కనిపించే ప్రివ్యూ ఒరిజినల్ కాదు. పంపే ముందు ఏదైనా మామూలు బడ్జెట్ ఫోన్‌లో, బ్రైట్‌నెస్ సగంలో పెట్టి ఒకసారి చూసుకోండి. ఆయన చూసేది అలాగే.